పిల్లల పేగు శోథ వ్యాధులు – రోగనిరోధక కణాల పాత్ర

పరిచయం

రోగనిరోధక కణాలను గత పాఠాలలో మీరు ఒక్కొక్కటిగా చదివారు. న్యూట్రోఫిల్ ఏం చేస్తుందో, మాక్రోఫేజ్ ఏం చేస్తుందో, టి-లింఫోసైట్ ఎక్కడ పరిపక్వం చెందుతుందో మీకు తెలుసు. అయితే శరీరంలో ఈ కణాలు విడివిడిగా పనిచేయవు. అందువల్ల ఈ పాఠంలో ఒకే అవయవాన్ని, ఒకే వయసును, ఒకే జబ్బును తీసుకుని, అక్కడ ఈ కణాలన్నీ కలిసి ఎలా ప్రవర్తిస్తాయో చూద్దాం. అవయవం పేగు. వయసు బాల్యం. జబ్బు దీర్ఘకాలిక పేగు శోథ వ్యాధి. ఆస్పత్రుల్లో దీన్ని ఐ.బి.డి. అంటారు. పేరు దగ్గరగా ఉండడం వల్ల ఐ.బి.ఎస్‌.తో కలిపేయకండి. ఐ.బి.ఎస్‌.లో పేగు కదలికల్లో, నొప్పి తెలిసే తీరులో తేడా ఉంటుందే కాని పేగు గోడలో పుండ్లు పడవు.

శోథం అంటే ఏమిటో మీకు తెలుసు. దెబ్బ తగిలిన చోట, సూక్ష్మజీవి చొరబడిన చోట రక్తనాళాలు వ్యాకోచించి, తెల్లరక్తకణాలు చేరి, ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలగడం. అది మంచిదే. పని పూర్తయ్యాక అది చల్లారాలి. ఐ.బి.డి.లో అది చల్లారదు. నెలలు, సంవత్సరాలు కొనసాగుతుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ రేగుతుంది. కాబట్టి ఈ వ్యాధి విషయంలో 'శోథం ఎందుకు మొదలైంది?' అని అడగడం కన్నా 'ఎందుకు ఆగలేదు?' అని అడగడమే సరైనదని నా అభిప్రాయం. ఈ పాఠాన్ని ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని చదవండి.

రెండు వ్యాధులు, పిల్లల్లో తేడాలు

ఐ.బి.డి. కింద ముఖ్యంగా రెండు వ్యాధులు వస్తాయి. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగుకు, పురీషనాళానికి పరిమితం. లోపలి పొరను మాత్రమే తింటుంది. రక్తంతో కూడిన విరేచనాలు దీని ముఖ్య లక్షణం. రెండవది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, మరో ఇద్దరు సహచరులు కలిసి దీన్ని వర్ణించారు. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు కాని, చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రికంలో ఎక్కువ. పేగు గోడ మందమంతటికీ పాకుతుంది. అందువల్ల పేగు ఇరుకైపోవడం, ఒక పేగు మెలికకూ మరొకదానికీ మధ్య, లేదా పేగుకూ చర్మానికీ మధ్య రంధ్రాలు పడడం ఇందులో కనిపిస్తాయి.

ఐ.బి.డి. రోగుల్లో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు మందికి వ్యాధి ఇరవై ఏళ్ళ లోపే మొదలవుతుంది. పిల్లల్లో వచ్చినప్పుడు అది పెద్దల వ్యాధికి చిన్న నమూనా కాదు. పెద్దవారిలో అల్సరేటివ్ కొలైటిస్ చాలాసార్లు పెద్దపేగు చివరి భాగంలోనే ఉండిపోతుంది. పిల్లల్లో ఎక్కువమందికి మొదటి నుంచే పెద్దపేగు మొత్తం దెబ్బతిని ఉంటుంది. క్రోన్స్ వ్యాధి ఉన్న కొందరు పిల్లల్లో అయితే విరేచనాలే ఉండవు. తోటి పిల్లల పక్కన నిలబెడితే పొట్టిగా కనిపించడం, ఈడు వచ్చినా ఎదగకపోవడం, ఎంత తిన్నా ఒళ్ళు రాకపోవడం, ఇంతే. ఆకలి లేదని, పిల్ల పీలగా ఉంటుందని ఇంట్లో సరిపెట్టుకోవడం వల్ల రెండు మూడేళ్ళు గడిచిపోవచ్చు.

ఆరేళ్ళ లోపు మొదలయ్యే వ్యాధిని ప్రత్యేక వర్గంగా చూస్తారు. రెండేళ్ళ లోపు మొదలైతే ఇంకా ప్రత్యేకం. కారణం వయసు చిన్నదని మాత్రమే కాదు. ఈ పసిపిల్లల్లో కొందరికి ఒకే ఒక్క జన్యువులోని లోపం వల్ల వ్యాధి వస్తుంది. పేగును ప్రశాంతంగా ఉంచేది ఏ కణం, ఏ అణువు అన్నది శాస్త్రానికి స్పష్టంగా చూపించినవాళ్ళు ఈ పిల్లలే.

పేగులో శాంతి ఎలా నిలుస్తుంది?

పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టు అంత అని పాత పుస్తకాల్లో చదివి ఉంటారు. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చెప్పిన లెక్క సుమారు 32 చదరపు మీటర్లు, అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం కన్నా తక్కువే. అయినా అది చర్మం వైశాల్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ ఉపరితలానికి ఒక పక్క మన రక్తం, మరో పక్క మనిషి ఒంట్లో ఉండే సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలలో అత్యధిక భాగం. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క వరుస ఉపకళా కణాలు. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి.

ఈ పలుచని గోడను కాపాడేవాటిలో మొదటిది శ్లేష్మం. పెద్దపేగులో ఇది రెండు పొరలుగా ఉంటుంది. బయటి పొరలో బాక్టీరియాలు నివసిస్తాయి, లోపలి చిక్కటి పొరలోకి దాదాపు రాలేవు. చిన్నపేగులోని పానెత్ కణాలు సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్లను స్రవిస్తాయి. ఉపకళ కింద ప్లాస్మా కణాలు ఉంటాయి. శరీరంలోని ప్లాస్మా కణాల్లో 80 శాతం దాకా పేగులోనే ఉన్నాయంటే ఆశ్చర్యపోకండి. ఇవి రోజుకు 3 నుంచి 5 గ్రాముల ఐజి-ఎ ప్రతిదేహాలను తయారుచేస్తాయి. ఈ ఐజి-ఎ శోథం రేపకుండానే బాక్టీరియాలను పట్టుకుని గోడకు దూరంగా ఉంచుతుంది.

ఇప్పుడు మాక్రోఫేజ్‌ల సంగతి చూద్దాం. ఈ పాఠంలో ముఖ్యపాత్ర వీటిదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. చర్మం కిందనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న మాక్రోఫేజ్ బాక్టీరియాను మింగితే వెంటనే సైటోకైన్లను విడుదల చేసి మిగతా కణాలను పిలుస్తుంది. సైటోకైన్లంటే కణాల మధ్య కబురు మోసే చిన్న ప్రొటీన్లు. పేగులో కాపురముండే మాక్రోఫేజ్ అలా చేయదు. గోడ దాటి వచ్చిన బాక్టీరియాను మింగుతుంది, చంపుతుంది, అంతటితో ఊరుకుంటుంది. కబురు పంపదు. పేగులో రోజూ ఎన్నో బాక్టీరియాలు ఇలా దాటి వస్తుంటాయి కనుక ప్రతిదానికీ కబురు పంపితే మనిషి బతకడం కష్టం.

ఈ నిగ్రహం మాక్రోఫేజ్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. రక్తంలోని మోనోసైట్ పేగులోకి వచ్చాక, అక్కడ ఉన్న కొన్ని సంకేతాల వల్ల మెల్లగా అలా మారుతుంది. వాటిలో అతి ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-10. దీన్ని ఇకపై ఐ.ఎల్.-10 అందాం. పేగులోని మాక్రోఫేజ్‌లు జీవితాంతం అవే ఉండవు. రక్తం నుంచి కొత్త మోనోసైట్లు వస్తూనే ఉంటాయి, ప్రతి ఒక్కటీ ఈ శిక్షణ పొందవలసిందే. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. అస్థిమజ్జ మార్పిడి ఎందుకు పనిచేస్తుందో చెప్పేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

డెండ్రైటిక్ కణాల పని వేరు. ఇవి పేగులోని ప్రతిజనకాలను పట్టుకుని దగ్గరలోని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్ళి టి-లింఫోసైట్లకు చూపిస్తాయి. ప్రశాంతమైన పేగు నుంచి వచ్చిన డెండ్రైటిక్ కణం మన ఆహారంలోని విటమిన్-ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసి, దానితో టి-కణాన్ని నియంత్రక టి-కణంగా మారుస్తుంది. పైగా ఆ కణం ఉపరితలం మీద ఆల్ఫా4-బీటా7 అనే ఇంటెగ్రిన్‌ను కూడా పెట్టిస్తుంది. ఇది ఒక రకంగా పేగు చిరునామా. ఆ చిరునామా ఉన్న లింఫోసైట్ రక్తంలో తిరుగుతూ పేగు రక్తనాళాల దగ్గరికి రాగానే అక్కడ ఆగి లోపలికి దిగుతుంది.

నియంత్రక టి-కణాలను 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి గుర్తించారు. ఈ కణాలను నడిపే జన్యువు ఫాక్స్‌పి3 అని తరువాత తెలిసింది. ఈ కృషికి ఆయనకు, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ కణాలు ఐ.ఎల్.-10ను ఉత్పత్తి చేసే ముఖ్య వనరుల్లో ఒకటి. ఫాక్స్‌పి3 లోపంతో పుట్టే మగపిల్లలకు తొలి నెలల్లోనే తీవ్రమైన విరేచనాలు, మధుమేహం, చర్మవ్యాధి కలిసి వస్తాయి. నియంత్రక కణాలు లేకపోతే పేగు ఎంత త్వరగా అదుపు తప్పుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

అదుపు తప్పినప్పుడు

సాధారణంగా కనిపించే ఐ.బి.డి.కి ఒకే కారణం లేదు. వ్యాధి అవకాశాన్ని కొద్ది కొద్దిగా పెంచే జన్యు స్థానాలు 200కు పైగా తెలుసు. వాటిలో మొదటిది, 2001లో కనుక్కున్న నాడ్2, బాక్టీరియా గోడ ముక్కలను కణం లోపల గుర్తించే ప్రొటీన్‌కు సంబంధించినది. యూరప్ ప్రజల్లో వ్యాధితో ముడిపడిన దాని మార్పులు జపాన్, చైనా, కొరియా ప్రజల్లో దాదాపు కనిపించవు, అయినా అక్కడా క్రోన్స్ వ్యాధి ఉంది. జన్యువులకు తోడు ఆహారం, పేగు బాక్టీరియాల్లో మార్పు, చిన్నతనంలో వాడిన యాంటీబయోటిక్స్ వంటివి కలుస్తాయని భావిస్తారు. కారణాల జాబితాను ఇంతటితో వదిలి, గోడలో జరిగేది చూద్దాం.

శోథం రేగిన పేగులోకి మోనోసైట్లు పెద్ద సంఖ్యలో వస్తాయి, కాని వాటి శిక్షణ సగంలో ఆగిపోతుంది. నిగ్రహం నేర్చుకోని ఈ కణాలు బాక్టీరియా తగలగానే టి.ఎన్.ఎఫ్., ఐ.ఎల్.-1, ఐ.ఎల్.-6, ఐ.ఎల్.-12, ఐ.ఎల్.-23 అనే సైటోకైన్లను విడుదల చేస్తాయి. టి.ఎన్.ఎఫ్. ఉపకళా కణాల మధ్య బిగింపును సడలిస్తుంది, రక్తనాళాల గోడలను జిగటగా చేసి ఇంకా కణాలు అంటుకునేలా చేస్తుంది. బిగింపు సడలితే మరిన్ని బాక్టీరియాలు లోపలికి వస్తాయి, అవి మరింత టి.ఎన్.ఎఫ్.కు కారణమవుతాయి. శోథం ఆగకపోవడానికి ఈ వలయం ఒక ముఖ్య కారణం.

ఐ.ఎల్.-12 ప్రభావంతో సహాయక టి-కణాలు మొదటి రకంగా మారి ఇంటర్‌ఫెరాన్-గామాను ఇస్తాయి. ఐ.ఎల్.-23 ప్రభావంతో పదిహేడవ రకం బలపడి ఐ.ఎల్.-17ను ఇస్తుంది. ఐ.ఎల్.-17 న్యూట్రోఫిల్స్‌ను పిలిపిస్తుంది. ఇక్కడ విద్యార్థులు వెంటనే వేసే లెక్క ఒకటుంది: ఐ.ఎల్.-17ను అడ్డుకుంటే వ్యాధి తగ్గాలి కదా? పరిశోధకులూ అలాగే అనుకున్నారు. ఆ ప్రయోగ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఐ.ఎల్.-17ను అడ్డుకునే ప్రతిదేహం ఇచ్చిన క్రోన్స్ రోగులకు మేలు జరగకపోగా కొందరికి వ్యాధి పెరిగింది. అదే మందు సోరియాసిస్‌లో చక్కగా పనిచేస్తుంది. పేగులో ఐ.ఎల్.-17 ఉపకళ బిగింపును కాపాడే పని కూడా చేస్తోంది. ఒక కణాన్నో అణువునో మంచిది, చెడ్డది అని ముద్ర వేసి చదవకండి. అది ఏ చోట, ఏ సమయంలో ఉందన్నదే అసలు విషయం. ఐ.ఎల్.-23ను అడ్డుకునే మందులు మాత్రం పనిచేస్తున్నాయి.

న్యూట్రోఫిల్స్ గుంపులుగా పేగు గోడలోని గుంటల్లో నిండినప్పుడు సూక్ష్మదర్శినిలో చీముగడ్డల్లా కనిపిస్తాయి. వీటిలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. న్యూట్రోఫిల్ కణద్రవంలోని ప్రొటీన్లలో దాదాపు సగం ఇదే. కణాలు పేగులోకి రాలినప్పుడు ఇది మలంలోకి వస్తుంది, త్వరగా చెడదు. అందువల్ల పిల్లవాడికి మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేసే ముందే, చిన్న డబ్బాలో మలం నమూనా తీసుకుని పేగులో శోథం ఉందో లేదో అంచనా వేయగలుగుతున్నారు. ఐ.బి.ఎస్‌.లో ఇది పెరగదు. పాలుతాగే పసిపిల్లల్లో మాత్రం జబ్బు లేకపోయినా ఎక్కువగా ఉంటుంది కనుక వయసు చూడకుండా అంకెను చదవకూడదు. అమీబా, బాక్టీరియా విరేచనాల్లో కూడా పెరుగుతుంది. అంటే ఇది న్యూట్రోఫిల్స్ వచ్చాయని చెబుతుంది, ఎందుకు వచ్చాయో చెప్పదు.

న్యూట్రోఫిల్స్‌ను శత్రువులుగా చూడవద్దని చెప్పడానికి మరో ఉదాహరణ. కొందరు పిల్లలకు న్యూట్రోఫిల్స్ మింగిన బాక్టీరియాను చంపడానికి వాడే ఆక్సిజన్ ఉత్పన్నాలు తయారుకావు. దీన్ని దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి అంటారు. బాక్టీరియాను చంపలేని పిల్లలకు శోథం తక్కువ ఉండాలి కదా? అలా ఉండదు. వీరిలో చాలామందికి క్రోన్స్ వ్యాధిని పోలిన పేగు శోథం వస్తుంది. పని పూర్తికాకపోతే శోథం ఆగదు. ఇటువంటి పిల్లలకు క్రోన్స్ అనుకుని టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందు ఇస్తే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు వచ్చిన సందర్భాలున్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పేగు మాక్రోఫేజ్‌కూ, అప్పుడే రక్తం నుంచి వచ్చిన మోనోసైట్‌కూ ప్రవర్తనలో తేడా ఏమిటి? ఐదు వాక్యాలలో రాయండి.

ఐ.ఎల్.-10 చెప్పిన పాఠం

1993లో ఐ.ఎల్.-10 జన్యువును తొలగించిన ఎలుకలకు పేగు శోథం దానంతటదే వచ్చింది. అవే ఎలుకలను బాక్టీరియాలు లేని వాతావరణంలో పెంచితే వ్యాధి రాలేదు. అంటే బాక్టీరియాలూ ఉండాలి, నిగ్రహమూ లోపించాలి. అయితే ఎలుకలకు వచ్చింది మనుషులకు వస్తుందా?

2009లో సమాధానం దొరికింది. పుట్టిన కొద్ది నెలలకే తీవ్రమైన పేగు శోథం, మలద్వారం చుట్టూ పుండ్లు, రంధ్రాలతో బాధపడుతూ ఏ మందుకూ లొంగని పిల్లలున్న కుటుంబాలను జర్మనీ తదితర దేశాల పరిశోధకులు పరిశీలించారు. ఆ పిల్లల్లో ఐ.ఎల్.-10 తయారవుతూనే ఉంది, కాని దాన్ని అందుకునే గ్రాహకం లోపించింది. కబురు వస్తోంది, వినే చెవి లేదు. ఆ పిల్లల్లో ఒకరికి అస్థిమజ్జ మార్పిడి చేశారు. వ్యాధి తగ్గిపోయింది.

మజ్జ మారిస్తే పేగు ఎందుకు బాగుపడింది? పైన గుర్తుపెట్టుకోమన్న వాక్యాన్ని ఇప్పుడు తీయండి. పేగు మాక్రోఫేజ్‌లు రక్తంలోని మోనోసైట్ల నుంచి నిరంతరం తయారవుతాయి. మోనోసైట్లు మజ్జ నుంచి వస్తాయి. దాత మజ్జ నుంచి వచ్చే మోనోసైట్లకు గ్రాహకం ఉంటుంది కాబట్టి అవి ఐ.ఎల్.-10 మాట వింటాయి. మెల్లగా పాత మాక్రోఫేజ్‌ల స్థానంలో నిగ్రహం తెలిసినవి చేరతాయి. 2014లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని ధ్రువపరిచాయి. ఒక్క మాక్రోఫేజ్‌లలో మాత్రమే గ్రాహకాన్ని తొలగించినా పేగు శోథం వచ్చింది.

లోపం ఉపకళా కణాలలోనే ఉంటే మాత్రం మజ్జ మార్పిడితో పేగు బాగుపడదు. ఉదాహరణకు టి.టి.సి.7ఎ అనే జన్యువు లోపించిన పసిపిల్లల్లో పేగు గోడ కణాలే సరిగా నిలవవు. రక్తకణాలు మార్చినా గోడ మారదు. చూడడానికి రెండు వ్యాధులూ ఒకేలా ఉంటాయి: పసివయసు, విరేచనాలు, రక్తం, ఎదుగుదల లేకపోవడం. కాని ఒక బిడ్డకు మార్పిడి ప్రాణం పోస్తుంది, మరో బిడ్డను నిష్ఫలమైన ప్రమాదంలోకి నెడుతుంది. ఏ కణంలో లోపం ఉందో తెలుసుకోవడం ఇక్కడ పుస్తకజ్ఞానం కాదు.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న బాలుడికి ఇలాంటి వ్యాధే వచ్చి, వందకు పైగా శస్త్రచికిత్సా ప్రక్రియలు జరిగినా కారణం తెలియలేదు. చివరకు అతని జన్యువుల్లో ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగాన్నంతా చదివి, ఎక్స్.ఐ.ఎ.పి. అనే జన్యువులో ఒక్క అక్షరం మారిందని కనుక్కున్నారు. బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలతో మార్పిడి చేశాక అతని పేగు వ్యాధి తగ్గింది. ఇది 2011లో ప్రచురితమైంది. జన్యు పఠనం చికిత్సను నిర్ణయించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఈ విషయం మన ప్రాంతానికి ఒక కారణంగా దగ్గరిది. ఐ.ఎల్.-10 గ్రాహక లోపం అంతర్గత లక్షణం. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు లోపభూయిష్ట ప్రతులు వస్తేనే వ్యాధి. 2009లో వర్ణించిన కుటుంబాల్లో తల్లిదండ్రులు రక్తసంబంధీకులు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మేనరికాలు ఇప్పటికీ ఉన్నాయి. మేనబావా మరదళ్ళ సంతానంలో ఒక జన్యు స్థానంలోని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒకటి. మేనమామ, అక్క కూతురు అయితే 8లో ఒకటి. దీన్ని చదివి మేనరికం చేసుకున్న బంధువులను భయపెట్టకండి. ఈ లోపాలు చాలా అరుదు, మేనరికపు పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. కాని ఆరు నెలల బిడ్డకు ఆగని రక్తవిరేచనాలు ఉండి, తల్లిదండ్రులది మేనరికం అయి, అంతకుముందు ఒక బిడ్డ అలాగే పోయిన చరిత్ర ఉంటే, ఆ కుటుంబం వైద్యుడికి చెప్పవలసిన మొదటి విషయం అదే. చాలాసార్లు ఎవరూ అడగరు, వీళ్ళూ చెప్పరు.

పేగులో మంట, ఎముకల్లో ఆగిన ఎదుగుదల

పేగు శోథం ఉన్న బిడ్డ ఎందుకు ఎదగదు? సరిగా తినకపోవడం, తిన్నది ఒంటబట్టకపోవడం ఒక కారణం. కాని అంతే కాదు. పేగులోని మాక్రోఫేజ్‌లు, టి-కణాలు విడుదల చేసిన ఐ.ఎల్.-6, టి.ఎన్.ఎఫ్. రక్తంలో కలిసి దూరప్రయాణం చేస్తాయి. పీయూషగ్రంథి పెరుగుదల హార్మోన్‌ను ఇస్తూనే ఉంటుంది. ఆ హార్మోన్ కాలేయానికి చేరి ఐ.జి.ఎఫ్.-1 అనే పదార్థాన్ని తయారుచేయించాలి, అప్పుడే ఎముక పొడవు పెరుగుతుంది. ఐ.ఎల్.-6 కాలేయాన్ని ఈ హార్మోన్‌కు స్పందించకుండా చేస్తుంది. టి.ఎన్.ఎఫ్. ఎముక చివర్లలోని పెరుగుదల ఫలకం మీదే పనిచేస్తుంది. ఎముకల చివర్లు కలిసిపోయాక పోయిన ఎత్తు తిరిగిరాదు. పన్నెండేళ్ళ పిల్లకు చికిత్స రెండేళ్ళు ఆలస్యం కావడానికీ, నలభై ఏళ్ళ వ్యక్తికి ఆలస్యం కావడానికీ తేడా అదే.

రక్తహీనతకూ ఇలాంటి కథే ఉంది. ఐ.ఎల్.-6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారుచేయిస్తుంది. అది పేగు నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా అడ్డుకుంటుంది, మాక్రోఫేజ్‌లు తమలోని ఇనుమును వదలకుండా చేస్తుంది. కాబట్టి శోథం తీవ్రంగా ఉన్న బిడ్డకు ఇనుము మాత్రలు ఎన్ని మింగించినా హిమోగ్లోబిన్ సరిగా పెరగకపోవచ్చు. అటువంటప్పుడు రక్తనాళం ద్వారా ఇనుము ఇస్తారు.

చికిత్సను కణాల వైపు నుంచి చూస్తే

పిల్లల క్రోన్స్ వ్యాధిలో మొదటి చికిత్సగా మందు కాక ఆహారాన్నే వాడవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు ఇతర ఆహారం ఏదీ లేకుండా, పూర్తి పోషకాలున్న ద్రవాహారాన్ని మాత్రమే ఇస్తారు. ఇది స్టెరాయిడ్లతో సమానంగా వ్యాధిని అదుపులోకి తెస్తుంది, ఎదుగుదలను ఆపదు. స్టెరాయిడ్లు దాదాపు అన్ని రోగనిరోధక కణాల నోరూ ఒకేసారి మూయిస్తాయి. అదే వాటి బలం, అదే లోపం. పిల్లల ఎత్తును అవే దెబ్బతీస్తాయి కనుక ఎక్కువకాలం వాడకూడదు. ద్రవాహార పద్ధతి అల్సరేటివ్ కొలైటిస్‌లో పనిచేయదు.

లింఫోసైట్ల విభజనను తగ్గించడానికి అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వాడతారు. మెథోట్రెక్సేట్ వెనుక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన ఉంది. ఆయన బృందం ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకులను తొలుత లుకేమియా కోసం తయారుచేసింది. అజాథయోప్రిన్ విషయంలో ఒక హెచ్చరిక: నడ్ట్15 అనే జన్యువులోని కొన్ని మార్పులున్న వారికి ఈ మందు మామూలు మోతాదులోనే తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఈ మార్పులు యూరప్ వారి కన్నా తూర్పు, దక్షిణ ఆసియా ప్రజల్లో ఎక్కువ. తొలి వారాల్లో తరచుగా రక్తపరీక్ష చేయమనేది ఇందుకే.

టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను అమెరికాలో క్రోన్స్ వ్యాధికి పెద్దలలో 1998లో, పిల్లలలో 2006లో అనుమతించారు. ఇది ఒక ప్రతిదేహం. ఎటానర్‌సెప్ట్ అనే మరో మందు కూడా టి.ఎన్.ఎఫ్.ను పట్టుకుంటుంది, కీళ్ళవాతంలో చక్కగా పనిచేస్తుంది, క్రోన్స్‌లో పనిచేయదు. దీనికి ఇచ్చే వివరణల్లో ఒకటి: ఇన్‌ఫ్లిక్సిమాబ్ ద్రవంలో తేలే టి.ఎన్.ఎఫ్.నే కాక, కణాల ఉపరితలం మీద ఉన్నదాన్ని కూడా గట్టిగా పట్టుకుని ఆ కణాలనే తగ్గిస్తుంది. వెడోలిజుమాబ్ మార్గం వేరు. పైన చెప్పిన ఆల్ఫా4-బీటా7 చిరునామాను అది కప్పేస్తుంది. లింఫోసైట్ రక్తంలోనే తిరుగుతుంటుంది, పేగులో దిగలేదు.

క్షయ అడ్డొచ్చే చోట

యూరప్ పాఠ్యపుస్తకంలో ఒక పేరాతో సరిపోయే విషయం మనకు పెద్ద సమస్య. పేగు క్షయ కూడా శేషాంత్రికం, అంధనాళం కలిసే చోటే ఎక్కువగా వస్తుంది. అదే జ్వరం, అదే బరువు తగ్గడం, అదే కడుపునొప్పి, అవే పుండ్లు. కణజాల పరీక్షలో రెండింటిలోనూ గ్రాన్యులోమాలు కనిపించవచ్చు. గ్రాన్యులోమా అంటే మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు కలిసి కట్టిన ముద్ద. క్షయలో అవి పెద్దవిగా, ఒకదానితో ఒకటి కలిసిపోయి, మధ్యలో జున్నులా కుళ్ళి ఉంటాయి. క్రోన్స్‌లో చిన్నవిగా, విడివిడిగా ఉంటాయి. కాని చిన్న ముక్కలో ఈ తేడా ప్రతిసారీ దొరకదు.

క్షయ గ్రాన్యులోమా గోడను కలిపి ఉంచేది టి.ఎన్.ఎఫ్.యే. బాక్టీరియాను మాక్రోఫేజ్‌లు చంపలేకపోయినా, ఆ గోడ లోపల దశాబ్దాల పాటు బంధించి ఉంచగలవు. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకుంటే గోడ విడిపోతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న వారిలో క్షయ రేగడం 2001 నాటికే అమెరికాలో గుర్తించారు. మన దేశంలో ఈ మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష లేదా ఇంటర్‌ఫెరాన్-గామా రక్తపరీక్ష తప్పనిసరి. ఆ రక్తపరీక్షలో కొలిచేది క్షయ ప్రతిజనకాన్ని గుర్తుపట్టిన మొదటి రకం సహాయక టి-కణం ఇచ్చే ఇంటర్‌ఫెరాన్-గామానే. అయితే శోథాన్ని తగ్గించే మందులు అప్పటికే వాడుతున్న బిడ్డలో టి-కణం స్పందించకపోవచ్చు. అప్పుడు పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన క్షయ లేదనుకోవడానికి వీల్లేదు.

రెండో వైపు నష్టం కూడా తక్కువేమీ కాదు. క్రోన్స్ ఉన్న పిల్లవాడికి క్షయ మందులు నెలల తరబడి ఇస్తూపోతే, ఆ కాలంలో శోథం పనిచేస్తూనే ఉంటుంది. పేగు ఇరుకవుతుంది, ఎదుగుదల వయసు కరిగిపోతుంది. తేల్చుకోలేని సందర్భాల్లో మన వైద్యులు ముందు క్షయ చికిత్స మొదలుపెట్టి, సుమారు రెండు నెలలకు మళ్ళీ ఎండోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. బిడ్డ కాస్త తేరుకున్నట్టు, ఆకలి వేసినట్టు ఉంటే చాలని ఆ రెండో ఎండోస్కోపీ మానేయకూడదు. క్రోన్స్ ఉన్నవారికి కూడా క్షయ మందులతో కొంతకాలం హాయిగా అనిపించవచ్చు. పుండు మానితే క్షయ, మానకపోతే క్రోన్స్ లేదా మందులకు లొంగని క్షయ అని ఆలోచించాలి.

అభ్యాసం

ఐదు నెలల బిడ్డ. తల్లిదండ్రులది మేనరికం. మూడో వారం నుంచి రక్తవిరేచనాలు, మలద్వారం చుట్టూ రంధ్రాలు, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ఫలితం లేదు. పదమూడేళ్ళ అమ్మాయి. ఏడాదిగా ఎత్తు పెరగలేదు, శేషాంత్రికంలో పుండ్లు, చిన్న గ్రాన్యులోమాలు, ఇంట్లో తాతగారికి నాలుగేళ్ళ కిందట క్షయ. ఈ ఇద్దరిలో ఏ కణాన్ని ముందుగా అనుమానిస్తారు, ఏ పరీక్ష ముందు అడుగుతారు, ఏ మందును ఆపి ఉంచుతారు? ఒక్కొక్కరికి ఒక పేజీకి మించకుండా రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.